ముగింపు వేడుక మర్నాడు మా గతేమిటి?

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షురాలు కిర్‌స్టీ కోవెంట్రీ గారికి,
అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల పాలకవర్గాలకు,
రాబోయే క్రీడోత్సవాల నిర్వాహక సంఘాల పెద్దలకు

నమస్కారాలు.

నేను అంతర్జాతీయ క్రీడోత్సవాల నిర్వహణలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాణ్ణి. రవాణా విభాగంలో బస్సుల పట్టికలు వేస్తూ మొదలై, తర్వాత వేదికల నిర్వహణలోకి వచ్చాను. ఈ లేఖ నా ఒక్కడి గోడు కాదు. ప్రపంచం టీవీల ముందు కూర్చుని చూసే రెండు మూడు వారాల కోసం అయిదారేళ్లు కష్టపడి, ఆ తర్వాత కొద్ది రోజులకే నిరుద్యోగులయ్యే వేలాది మంది మాట ఇది. మేము అడుగుతున్నది ఒకటే. ఈ పనిని ఒక వృత్తిగా గుర్తించండి. ఆ వృత్తిలో ఉన్న మనుషులను ఒక క్రీడోత్సవం నుంచి మరో క్రీడోత్సవం దాకా నిలబెట్టే ఏర్పాటు చేయండి. ఇది మిమ్మల్నే అడగవలసి వస్తోంది. ఎందుకంటే నిర్వాహక సంఘాలు వస్తాయి, పోతాయి. నిలిచి ఉండేది మీరే.

మా ఉద్యోగాల తీరు మీకు తెలియనిది కాదు. ఒక నగరానికి ఆతిథ్యం ఖరారు కాగానే నిర్వాహక సంఘం పుడుతుంది. లండన్‌కు 2005లో, టోక్యోకు 2013లో, ప్యారిస్‌కు 2017లో ఆతిథ్యం దక్కింది. మొదటి ఏడాది ఒకే అంతస్తులో సర్దుకునే సిబ్బంది, చివరి ఏడాదికి వేలల్లోకి పెరుగుతారు. 2012లో లండన్ క్రీడల కోసం పనిచేసినవారు జీతం మీద ఉన్న ఉద్యోగులు, వాలంటీర్లు, కాంట్రాక్టర్ల మనుషులు అందరూ కలిసి సుమారు 2 లక్షల మంది. క్రీడలు ముగిశాక ఇంత పెద్ద బలగమూ కొద్ది వారాల్లో కరిగిపోతుంది. లెక్కలు తేల్చేందుకు కొద్దిమంది మిగులుతారు. చివరికి సంఘాన్నే రద్దు చేస్తారు. టోక్యో సంఘం 2022 జూన్ 30న అలాగే రద్దయింది. ఏళ్ల తరబడి ఖర్చు పెట్టి తయారు చేసుకున్న మనుషులను ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు వదిలేసే రంగం ఇంకొకటి నాకు తెలియదు.

తాత్కాలిక సంస్థ శాశ్వత ఉద్యోగాలు ఎలా ఇస్తుందని మీరు అడగవచ్చు. ఇవ్వలేదు, ఇవ్వమని మేము అడగడం లేదు. సంఘం తాత్కాలికమే అయినా పని తాత్కాలికం కాదు. నాలుగేళ్లకొకసారి వేసవి క్రీడలు, మధ్యలో శీతాకాల క్రీడలు, వాటి వెంట పారాలింపిక్స్, ప్రపంచ కప్పులు, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలు, ఒక్కో ఆటకు సొంత ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు ఉంటాయి. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు 48 జట్లు, 104 మ్యాచ్‌లు, మూడు దేశాల్లో 16 నగరాలు. ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఒక క్రీడోత్సవం తయారవుతూనే ఉంటుంది. పని ఆగనప్పుడు పనివాళ్ల జీవితం మాత్రం ఎందుకు ఆగిపోవాలి?

అసలు మేము చేసే పని ఏమిటో బయటివారికి తెలిసేది తక్కువ. మీకు కూడా నివేదికల ద్వారానే తెలుస్తుంది కాబట్టి, ఒక్క ఉదాహరణ కాస్త వివరంగా చెప్పనివ్వండి.

టోక్యో క్రీడల్లో మహిళల మారథాన్ సపోరో నగరంలో 2021 ఆగస్టు 7న ఉదయం ఏడు గంటలకు మొదలుకావాలి. ఎండ తీవ్రంగా ఉంటుందని తెలిసి, ముందు రోజు సాయంత్రం దాన్ని ఆరు గంటలకు మార్చారు. అప్పటికే నిద్రకు ఉపక్రమించిన క్రీడాకారిణులు ఉన్నారు. పత్రికల్లో ఇది రెండు వాక్యాల వార్త. ఆ రాత్రి నేను అక్కడ లేను. కానీ అలాంటి మార్పు చేతికొచ్చిన కంట్రోల్ రూంలో కూర్చున్నవాణ్ణి కాబట్టి, ఒక గంట ముందుకు జరపడమంటే ఏమిటో చెప్పగలను.

పరుగు ఆరింటికైతే క్రీడాకారిణుల అల్పాహారం రెండున్నరకో మూడింటికో సిద్ధంగా ఉండాలి. అంటే వంటవాళ్లు అర్ధరాత్రికే రావాలి. వాళ్లను తెచ్చే వాహనం అంతకన్నా ముందు బయలుదేరాలి. బస్సు డ్రైవర్లకు రెండు డ్యూటీల మధ్య ఇన్ని గంటల విశ్రాంతి తప్పదని చట్టం ఉంటుంది. రాత్రి పదింటికి బస్సు దిగిన డ్రైవరును తెల్లవారుజామున మూడున్నరకు మళ్లీ ఎక్కించడానికి వీల్లేదు. కొత్త డ్రైవరును వెతకాలి, అతనికి ఆ దారి తెలియాలి. రోడ్లు మూసేది పోలీసులు. వాళ్ల షిఫ్టులు మన చేతిలో ఉండవు. దారి పొడవునా నీళ్ల బల్లల దగ్గర నిలబడే వాలంటీర్లు మామూలుగా మొదటి రైలుకు వస్తారు. గంట ముందుకు జరిగితే ఆ రైలే ఉండదు. అంబులెన్సులు, డాక్టర్లు, మంచు తొట్లు, సమయం కొలిచే సిబ్బంది, డోపింగ్ పరీక్షలకు వెంట ఉండి నడిచే సహాయకులు, గాలిలోంచి చిత్రీకరించే హెలికాప్టరుకు అనుమతి, వేర్వేరు దేశాల టీవీ ప్రసార వేళలు... ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి కదిలితే అన్నీ కదలాలి.

అలాంటి రాత్రి కంట్రోల్ రూంలో అనుభవం ఉన్న మనిషికీ లేని మనిషికీ తేడా ఒక్క ప్రశ్నలో తెలిసిపోతుంది. కొత్తవాళ్లు "సందేశం పంపేశాం" అంటారు. పాతవాళ్లు "అందిందని ఎవరెవరు చెప్పారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగి, జవాబు రాని నాలుగైదు పేర్లు కాగితం మీద విడిగా రాసుకుని, ఒక్కొక్కరికి ఫోను చేసి, ఫోను ఎత్తని ఆఖరి మనిషి బస చేసిన గది తలుపు తట్టడానికి ఎవరినో పంపేదాకా వాళ్లు కుర్చీలోంచి లేవరు. ఏ మార్గదర్శక గ్రంథంలోనూ ఇది రాసి ఉండదు. ఒకవేళ రాసినా, రాత్రి పదకొండింటికి ఎవరూ గ్రంథం తెరవరు.

నేను రవాణా మనిషిని కాబట్టి 1996 అట్లాంటా క్రీడల మాట కూడా చెప్పకుండా ఉండలేను. బయటి ఊళ్ల నుంచి రప్పించిన బస్సు డ్రైవర్లకు ఆ నగరం తెలియక దారులు తప్పారు. క్రీడాకారులు, విలేకరులు చేరవలసిన చోటుకు సమయానికి చేరలేకపోయారు. బస్సులు ఉన్నాయి, పట్టికలు ఉన్నాయి, దారి తెలిసిన మనుషులు చాలినంత మంది లేరు.

మీరు ఈ సమస్యను గుర్తించలేదని అనను. సిడ్నీ క్రీడల నుంచి ఒక నగరం అనుభవాన్ని తర్వాతి నగరానికి అందించే జ్ఞాన బదిలీ కార్యక్రమాన్ని ఒలింపిక్ కమిటీ నడుపుతోంది. లండన్ అనుభవాల మీద 2012 నవంబరులో రియోలో సమీక్ష సమావేశాలు జరిగాయి. రియో అనుభవాల మీద 2016 నవంబరులో టోక్యోలో జరిగాయి. క్రీడలు జరుగుతుండగా తర్వాతి నగరాల వారిని పరిశీలకులుగా రప్పిస్తారు. ఇవన్నీ మంచి పనులు. నేను వాటి నుంచి నేర్చుకున్నాను, వాటికి రాసి ఇచ్చాను కూడా. అయితే మీరు భద్రపరుస్తున్నది కాగితాలను. ఆ కాగితాలు రాసిన మనుషులను మాత్రం ఇంటికి పంపిస్తున్నారు.

సిడ్నీలోనే జరిగింది చూడండి. 2000 సెప్టెంబరు 21న మహిళల జిమ్నాస్టిక్స్ ఆల్‌రౌండ్ ఫైనల్లో, పరుగెత్తుకొచ్చి చేతులు ఆన్చి ఎగిరే వాల్ట్ పరికరాన్ని 125 సెంటీమీటర్ల ఎత్తులో కాకుండా 120 సెంటీమీటర్ల ఎత్తులో బిగించారు. అయిదు సెంటీమీటర్లు అంటే మన చేతి మూడు వేళ్ల వెడల్పు. పోటీ సగం నడిచాక ఆస్ట్రేలియా జిమ్నాస్ట్ అలానా స్లేటర్ అనుమానపడి చెబితే గానీ ఆ సంగతి బయటపడలేదు. అప్పటికే రష్యాకు చెందిన స్వెత్లానా ఖోర్కినా వాల్ట్‌లో పడిపోయింది. ఆ కుదుపులో తర్వాతి అంశంలో కూడా జారిపడింది. కావాలంటే మళ్లీ వాల్ట్ చేయవచ్చని అవకాశం ఇచ్చారు. కానీ చేజారిన పతకం తిరిగి రాలేదు. పరికరం ఎంత ఎత్తులో ఉండాలో నియమావళిలో స్పష్టంగానే ఉంది. లోపించింది నియమం కాదు. పోటీకి ముందు కొలబద్ద తీసుకుని వెళ్లి, తన కళ్లతో చూసి, సరే అనే అలవాటు. ఆ అలవాటు ఒక్క రోజు శిక్షణతో రాదు. ఎన్నో పోటీల ముందు వంగి కొలిచిన మనిషికే అది చేతిలో ఉంటుంది.

2012లో లండన్ ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు, జూలై 25న, గ్లాస్గోలోని హ్యాంప్‌డెన్ పార్క్ మైదానంలో ఉత్తర కొరియా మహిళల ఫుట్‌బాల్ జట్టును పరిచయం చేస్తూ తెర మీద దక్షిణ కొరియా జెండా చూపించారు. జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. మ్యాచ్ గంటకు పైగా ఆలస్యమైంది. నిర్వాహకులు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అలాగే 2016లో రియోలో డైవింగ్ కొలను ఆకుపచ్చగా మారింది. కొలనుల్లో 160 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం వల్ల క్లోరిన్ పనిచేయకుండా పోయి నాచు పెరిగింది. ఈ రసాయన శాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. గుర్తుకు రావలసిందల్లా డబ్బా మూత తీస్తున్న మనిషికి, లేదా అతని పక్కన నిలబడి చూస్తున్న మనిషికి.

ఎవరినో నిందించడానికి ఇవి చెప్పడం లేదు. ఇంత విస్తారమైన పనిలో పొరపాట్లు తప్పవు. కానీ ఇలాంటివి తగ్గాలంటే ప్రతిసారీ కొత్తగా కూడగట్టిన బలగంలో పాత చేతులు తగినన్ని ఉండాలి. ఆ చేతులను మీ వ్యవస్థ దూరం చేస్తోంది.

ఎలా దూరం చేస్తోందో కూడా చెబుతాను. ముగింపు వేడుకతో ఉద్యోగం పోతుందని అందరికీ మొదటి రోజే తెలుసు. కుటుంబం ఉన్నవాడు, అద్దె కట్టవలసినవాడు ఏం చేస్తాడు? క్రీడలకు మూడు నాలుగు నెలలు ఉందనగా ఇంకెక్కడైనా ఉద్యోగం దొరికితే వెళ్లిపోతాడు. అందరికన్నా ముందు ఉద్యోగం దొరికేది అందరికన్నా సమర్థులకే. కాబట్టి అత్యవసరమైన సమయంలో అత్యవసరమైన మనుషులు ఖాళీ అవుతారు. వాళ్లను ఆపడానికి చివరిదాకా ఉంటే బోనస్ ఇస్తామంటారు. అది కొంతవరకే పనిచేస్తుంది. సంవత్సరాల అనిశ్చితికి ఒక నెల జీతం జవాబు కాదు.

నా సంగతే ఒకటి చెబుతాను. ఒక పెద్ద క్రీడోత్సవంలో ఒక వేదికకు బాధ్యుడిగా ఉన్నాను. చివరి పోటీ ముగిశాక రాత్రంతా అద్దె సామాను లెక్క చూసుకున్నాం. బారికేడ్లు, కుర్చీలు, జనరేటర్లు, రేడియో సెట్లు అన్నిటికీ లెక్క కుదిరింది. మర్నాడు ఉదయం ఆ వేదికను దాని యజమానులకు అప్పగించే కాగితాల మీద సంతకం చేయవలసింది నేనే. కానీ నా అక్రెడిటేషన్ కార్డు, అంటే వేదికలోకి రానిచ్చే గుర్తింపు కార్డు, గడువు ముందు రోజు అర్ధరాత్రితోనే తీరిపోయింది. గేటు దగ్గర కాపలా ఉన్న అబ్బాయికి నేను తెలుసు. అయినా యంత్రం కార్డును ఒప్పుకోలేదు కాబట్టి లోపలికి పంపలేనన్నాడు. అతను చేసింది సరైన పనే. కార్డుల గడువు నిర్ణయించిన చోట, పోటీ ముగిశాక కూడా మనుషులు పనిచేస్తారన్న ఆలోచన ఎవరికీ రాలేదు. చివరికి కాగితాలు గేటు బయటికి తెప్పించుకుని సంతకం చేశాను. ఆ తర్వాత నా కాంట్రాక్టుతో ముడిపడిన వీసా గడువు కూడా ముగియవచ్చింది. కొద్ది వారాల్లో ఇల్లు ఖాళీ చేసి, పిల్లను బడి మధ్యలో మాన్పించి దేశం వదలవలసి వచ్చింది. ఇస్తామన్న బోనస్ చేతికి రావడానికి నెలలు పట్టింది. నాతో పనిచేసినవారిలో ఒక ఆమె అక్రెడిటేషన్ వ్యవస్థను నాకన్నా ఎంతో లోతుగా తెలిసిన మనిషి. ఆమె ఆ తర్వాత ఈ రంగంలోకి తిరిగి రాలేదు. ఇంకో దేశం, ఇంకో అద్దె ఇల్లు, ఇంకో ముగింపు తేదీ తన వల్ల కాదని చెప్పింది. పిల్లలు పుట్టాక ఈ రంగం నుంచి తప్పుకునే స్త్రీలు ఎందరో. వాళ్ల స్థానాలు భర్తీ అవుతాయి, వాళ్ల అనుభవం భర్తీ కాదు.

భద్రత విషయంలో ఈ నష్టం ప్రాణాల మీదికి వస్తుంది. 2022 మే 28న ప్యారిస్ శివార్లలోని స్టాద్ ద ఫ్రాన్స్ మైదానంలో యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది. దాన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ప్యారిస్‌కు మార్చి అప్పటికి మూడు నెలలే అయింది. గేట్ల దగ్గర అభిమానులు కిక్కిరిసిపోయారు. టిక్కెట్లు ఉన్నవాళ్లు కూడా నలిగిపోయారు, వాళ్ల మీద బాష్పవాయువు ప్రయోగించారు. మ్యాచ్ అరగంటకు పైగా ఆలస్యమైంది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన స్వతంత్ర నివేదిక ప్రధాన బాధ్యత యూరోపియన్ ఫుట్‌బాల్ సమాఖ్యదేనని తేల్చింది. భారీ ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టమేనంది. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మందిని బలిగొంది. జనం ఎటు నుంచి వస్తారు, ఎక్కడ ఇరుకవుతుంది, ఏ క్షణంలో గేటు తెరవాలి, ఏ క్షణంలో పోటీని ఆలస్యం చేయాలి అన్న జ్ఞానానికి మనుషులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. ఆ జ్ఞానం ఉన్న వ్యక్తి మాట నిర్వాహకుల బల్ల దగ్గర చెల్లాలి. రెండేళ్ల కాంట్రాక్టు మీద వచ్చి, వచ్చే ఏడాది ఎక్కడ ఉంటాడో తెలియని ఉద్యోగి, పై అధికారి ముఖం మీద "ఈ గేటు ప్రణాళిక పనికిరాదు" అని ఎంత గట్టిగా చెప్పగలడు? వృత్తి భద్రత అంటే మా జీతాల విషయమే కాదు. ప్రేక్షకుల భద్రత కూడా దాని మీదే ఆధారపడి ఉంది.

వాలంటీర్ల గురించి కూడా ఒక మాట. వాళ్లంటే నాకు అపారమైన గౌరవం. లండన్‌లో 70,000 మంది, ప్యారిస్‌లో 45,000 మంది లేకపోతే ఆ క్రీడలు లేవు. దారి చూపడం, స్వాగతం పలకడం, భాష తెలియని అతిథికి తోడు నిలవడం ఇవన్నీ మనసున్న మనుషులు ఇష్టంతో చేసే పనులు. కానీ జీతం ఇచ్చి నిపుణులతో చేయించవలసిన పనులు నెమ్మదిగా ఆ వైపు జరుగుతున్నాయి. షిఫ్టుల పర్యవేక్షణ, డేటా నమోదు, వాహనాల కేటాయింపు లాంటి పనులకు జీతం ఉండాలి, బాధ్యత ఉండాలి. ఆగస్టు ఎండలో పన్నెండు గంటలు నిలబడి చేసే పని ఉత్సాహం ఒక్కదాని మీద నడవదు. టోక్యో క్రీడలకు ముందు 80,000 మంది వాలంటీర్లలో సుమారు 10,000 మంది తప్పుకున్నారు. మహమ్మారి భయంతో వాళ్లు తప్పుకోవడంలో తప్పు లేదు. వాలంటీరుకు తప్పుకునే హక్కు ఉంటుంది. అందుకే తప్పనిసరి పనులను వాలంటీర్ల మీద నిలబెట్టకూడదు.

ఈ రంగంలోకి రావాలనుకునే యువతకు దారి ఎలా ఉందో చూడండి. స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లోనో, ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య పేరుతో మూడు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే కోర్సులోనో చదవాలి, లేదా జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు, వాలంటీరు పనులు చేస్తూ ఎవరి కంటనో పడాలి. రెండూ డబ్బున్న ఇంటి పిల్లలకే సాధ్యం. ప్రపంచమంతా పాల్గొనే క్రీడలను ప్రపంచమంతటి నుంచి వచ్చినవారు నిర్వహించాలి కదా.

ఇక అసలు క్రీడలే రద్దయినప్పటి సంగతి. 2022 కామన్వెల్త్ క్రీడలను డర్బన్ నుంచి 2017 మార్చిలో వెనక్కి తీసుకుని, అదే ఏడాది చివర బర్మింగ్‌హామ్‌కు ఇచ్చారు. 2026 క్రీడల నుంచి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2023 జూలైలో తప్పుకుంది. పరిహారంగా 38 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు చెల్లించింది. ఆ క్రీడలు గ్లాస్గోకు వెళ్లాయి. పరిహారం గురించి సంస్థల మధ్య ఒప్పందం కుదిరింది, మంచిదే. కానీ ఊళ్లు మారి, ఇళ్లు అమ్ముకుని ఆ పనికోసం వచ్చిన ఉద్యోగులకు అలాంటి సమయంలో ఏం దక్కాలో ముందే రాసి ఉంచే నియమం మీ ఏ ఒప్పందంలోనూ నాకు కనిపించలేదు.

అందుకని మా కోరికలు స్పష్టంగా రాస్తున్నాను. మీ ఆతిథ్య ఒప్పందాల్లో ఎన్ని హోటల్ గదులు ఉండాలో, ఎన్ని వాహనాలు ఉండాలో, ప్రకటనల బోర్డులు ఎక్కడ ఉండకూడదో కూడా రాసి ఉంటుంది. 2024 క్రీడల ఒప్పందం నుంచి మానవ హక్కుల నిబంధనలు కూడా చేర్చారు. అదే ఒప్పందంలో నిర్వహణ సిబ్బంది గురించి ఒక అధ్యాయం చేర్చండి. ముగింపు వేడుక తర్వాత కనీసం ఆరు నెలల జీతానికి సరిపడా నిధిని మొదటి ఏడాదే విడిగా పెట్టాలి. సంఘం అప్పుల్లో పడినా ఆ నిధిని ఎవరూ ముట్టుకోకూడదు. రియో నిర్వాహక సంఘం క్రీడల తర్వాత సరఫరాదారులకు బకాయిలు తీర్చలేక ఎన్ని అవస్థలు పడిందో మీకు గుర్తుండే ఉంటుంది. క్రీడలు రద్దయినా, మరో చోటికి మారినా ఇదే నిధి వర్తించాలి. ఒలింపిక్స్‌కూ పారాలింపిక్స్‌కూ మధ్య ఉండే రోజుల్లో సిబ్బందికి తప్పనిసరి విశ్రాంతి ఇవ్వాలి. ప్యారిస్‌లో ఆగస్టు 11న ఒకటి ముగిసి ఆగస్టు 28న రెండోది మొదలైంది. ఆ 17 రోజుల్లోనే వేదికలన్నీ మార్చాలి. అంతకుముందు మూడు వారాలు సరిగా నిద్రపోని మనుషులే ఆ మార్పులూ చేశారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక శాశ్వత నమోదు పట్టిక. ఎవరు ఏ విభాగంలో, ఏ స్థాయిలో, ఎన్ని క్రీడోత్సవాల్లో పనిచేశారో అందులో ధ్రువీకరించి ఉండాలి. కొత్త సంఘం నియామకాలు మొదలుపెట్టినప్పుడు కీలక విభాగాల్లో కొంత శాతం పదవులను ఆ పట్టికలోని వారితో నింపాలి. మిగతావి స్థానికులకు ఇవ్వాలి. పాతవాళ్ల పక్కన కూర్చుని స్థానికులు నేర్చుకోవాలి. మా అనుభవం ఆ ఊరి వాళ్లకు అందకపోతే మేము అక్కడికి వెళ్లి ప్రయోజనం లేదు. ఒక క్రీడోత్సవానికీ ఇంకో దానికీ మధ్య ఖాళీ ఉన్నప్పుడు, పట్టికలో ఉన్నవారిని సమాఖ్యల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లకు, అసలు క్రీడలకు ముందు వేదికలను పరీక్షించే టెస్ట్ ఈవెంట్లకు, శిక్షణ తరగతులకు పంపండి.

ఇది సాధ్యం కాదని అనకండి. టీవీ ప్రసారాల్లో మీరే చేసి చూపించారు. ప్రతి ఆతిథ్య దేశం ప్రసార వ్యవస్థను మొదటి నుంచి కట్టుకోనక్కరలేకుండా 2001లో ఒలింపిక్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీసెస్ సంస్థను స్థాపించారు. ప్రసార నైపుణ్యానికి ఒక శాశ్వతమైన ఇల్లు ఏర్పడింది. పోటీలు వదిలిన క్రీడాకారులు కొత్త ఉద్యోగాలు వెతుక్కోవడానికి 2005 నుంచి సహాయ కార్యక్రమం నడుపుతున్నారు. ఆ ఆలోచనను మా దాకా తీసుకురండి. డబ్బు లేదనడానికి కూడా వీల్లేదు. 2017 నుంచి 2021 వరకు ఒలింపిక్ కమిటీ ఆదాయం 760 కోట్ల డాలర్లు. 2019 నుంచి 2022 వరకు ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఆదాయం 750 కోట్ల డాలర్లకు పైనే. ఆ ఆదాయం తెచ్చేది క్రీడాకారులు. వాళ్లు సమయానికి, క్షేమంగా, సరైన ఎత్తున్న పరికరం ముందు నిలబడేలా చూసేది మేము.

లాస్ ఏంజెలెస్ క్రీడలు 2028 జూలై 14న మొదలవుతాయి. అక్కడి ఒప్పందం ఎప్పుడో కుదిరింది. దాన్ని తిరగరాయడం కష్టమే. అయినా ముగింపు తర్వాతి జీతం, కార్డుల గడువు, వీసాల విషయంలో అక్కడి సంఘం తనంతట తానే నిర్ణయం తీసుకోవచ్చు. ఫ్రెంచ్ ఆల్ప్స్ 2030, బ్రిస్బేన్ 2032 సంఘాలకు ఇంకా సమయం ఉంది. బ్రిస్బేన్‌కు 2021లోనే, అంటే పదకొండేళ్ల ముందే ఆతిథ్యం ఖరారైంది. మాట ఇచ్చి నిలబెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి వ్యవధి ఏ సంఘానికీ దొరకదు. కొత్త అధ్యాయం ముసాయిదా రాసే బల్ల దగ్గరికి న్యాయవాదులను, లెక్కల అధికారులను పిలుస్తారు. వాళ్లతో పాటు రవాణా, అక్రెడిటేషన్, వేదికల నిర్వహణ, భద్రత విభాగాల నుంచి, ముగింపు వేడుక మర్నాడు ఖాళీ వేదికలో నిలబడిన మనుషులను కూడా పిలవండి. మా జవాబులు సిద్ధంగా ఉన్నాయి. మీ జవాబు బహిరంగంగా, తేదీతో సహా ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
క్రీడా వేదికల నిర్వహణలో పనిచేస్తున్న ఒక ఉద్యోగి